అత్తయ్య అరచేతి తూకం

ఆ వానాకాలం మా ఇంట్లో ముగ్గురం కలిసి నెల రోజులపాటు ఒక ఇనుప డబ్బా గురించి మాట్లాడుకున్నాం. అంతకు ముందు రెండేళ్లలో మా అత్తయ్యా నేనూ మాట్లాడుకున్న మాటలన్నీ పోగేసినా ఒక పోస్టుకార్డు నిండదు. "నీళ్లొచ్చాయా?" "వచ్చాయి." "తలుపేశావా?" "వేశాను." అంతే. పోట్లాటలు కూడా లేవు. పోట్లాడుకోవడానికైనా కాస్త చనువుండాలి కదా!

నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను. అప్పట్లో ఒక చిన్న ఆఫీసులో గీసేదాన్ని. ఆ ఏడు ఒక పెద్ద సంస్థ నన్ను పనిలోకి తీసుకుంటానంది. ఇల్లు కట్టకముందే అందులో తిరిగి చూసినట్టు, కిటికీలోంచి ఎండ నేల మీద పడుతున్నట్టు బొమ్మలు తయారు చెయ్యాలి. ఇంటి దగ్గరే పని. షరతులు రెండు. కంప్యూటర్ నాదే అయ్యుండాలి, వచ్చే నెల మొదటి సోమవారానికల్లా ఒక నమూనా ఇల్లు చేసి పంపాలి. నా పాత లాప్‌టాప్ గోడల వరకూ బాగానే గీసేది. మెట్ల దగ్గరికొచ్చేసరికి ఆయాసపడేది. ఎండ పడాలంటే మాత్రం మూర్ఛపోయేది.

"విడి భాగాలు కొని మనమే బిగించుకుందాం," అన్నాడు మా ఆయన.

ఆయన గ్రంథాలయంలో పని చేస్తాడు. ఏ వస్తువు కొనాలన్నా ముందు దాని గురించి లోకంలో ఎవరేం రాశారో అంతా చదవాలి. ఒకసారి గొడుగు కొనడానికి చదవడం మొదలుపెడితే వానాకాలం వెళ్లిపోయింది. అది తెలిసే, ప్రాసెసరు దగ్గర్నుంచి గ్రాఫిక్స్ కార్డు దాకా అన్నీ నేనే చూసుకుని తెప్పించేశాను. పాపం చిన్నబుచ్చుకుంటాడని, ఒక్క పవర్ సప్లై మాత్రం ఆయనకి వదిలేశాను. అదే నేను చేసిన తప్పు. వారం తిరిగేసరికి ఫ్రిజ్ తలుపు మీద పదకొండు గళ్ల పట్టిక వెలిసింది. అందులో ఇరవై మూడు పవర్ సప్లైలు ఉన్నాయి. రోజుకొకటి కొట్టేసేవాడు, రెండు చేర్చేవాడు.

ఒక ఆదివారం వచ్చిన భాగాలన్నీ భోజనాల బల్ల మీద పరిచి చూసుకుంటున్నాం. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అత్తయ్య ఉన్నట్టుండి అడిగింది.

"అన్నీ బాగానే ఉన్నాయి. వీటికి తిండెవరు పెడతారు?"

ఇద్దరం తలెత్తి చూశాం. తనంతట తాను ఆవిడ ఒక మాట అడిగి ఎన్నాళ్లయిందో!

"అదేరా, కరెంటు."

మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న అడిగేవాళ్ల కోసమే ఆయన వారం రోజులుగా కాచుక్కూర్చున్నాడు. "గోడలోంచి వచ్చే కరెంటు దీనికి పనికిరాదమ్మా. దాన్ని తగ్గించి, శుభ్రం చేసి, ఎవరికెంత కావాలో పంచే డబ్బా ఒకటుంటుంది. పవర్ సప్లై అంటారు. వెయ్యి వాట్లది కొందామనుకుంటున్నా. గోల్డ్."

"బంగారముంటుందా అందులో?"

"ఉండదు. అది రేటింగు. కరెంటు వృథా చెయ్యదని అర్థం."

"ఆ మాటే రాయొచ్చుగా. లేని బంగారం పేరెందుకు రాయడం?" అంది అత్తయ్య. మళ్లీ తనే, "ఇంతకీ వీటికి ఎన్ని వాట్లు కావాలి?" అంది.

"లెక్కేశాను. అంతా కలిపి మూడు వందల డెబ్బై."

"మరి వెయ్యెందుకురా? నీ నడుముకి బెల్టు కొంటే ఏనుగు కొలత చూసి కొంటావా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆవిడ వైపు చూసి ఎలా నవ్వాలో నాకప్పటికి అలవాటు లేదు.

మా అత్తయ్య సంగతి కొంచెం చెప్పాలి. మామయ్యా ఆవిడా ముప్ఫై ఏళ్లు సొంత షెడ్డులో మోటార్లకి వైండింగ్ చేశారు. కాలిపోయిన మోటారు వస్తే విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్తది చుట్టాలి. బేరాలు మామయ్యవి, చుట్టడం అత్తయ్యది. తీగ కట్టని అరచేతిలో పెట్టుకుని ఎంతుందో చెప్పేదట. తరవాత తూచి చూస్తే గ్రాము అటూ ఇటూ. మామయ్య పోయాక షెడ్డు వేరేవాళ్లకి ఇచ్చేశాం. ఆవిడ మా దగ్గరికి వచ్చిన రోజు నేనే అన్నాను, "ఇంక మీరు హాయిగా కూర్చోండత్తయ్యా," అని. ఆవిడ ఆ కిటికీ పక్కన కూర్చుంది. రెండేళ్లుగా అక్కడే కూర్చుంది.

ఆ ఆదివారం సాయంత్రం మాత్రం, "కొట్టుకి నేనూ వస్తా," అంది.

కంప్యూటర్ల కొట్టు అంటే రెండు గోడల నిండా అట్టపెట్టెలు, మధ్యలో ఒక మనిషి పట్టే సందు. కొట్టాయన మంచి మాటకారి. "రండి మేడమ్, కేబినెట్ తీసుకుంటే పవర్ సప్లై ఫ్రీ," అంటూ ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు. అత్తయ్య దాన్ని అరచేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, రెండుసార్లు పైకీ కిందికీ ఆడించింది.

"ఇది తలుపుకి అడ్డం పెట్టుకోడానిక్కూడా పనికిరాదు బాబూ. గాలొస్తే తలుపే దీన్ని తోసుకుంటూ పోతుంది."

వెనక నిలబడ్డవాళ్లెవరో కిసుక్కుమన్నారు. కొట్టాయన ఇంకోటి తీశాడు. "ఇది పస్తులున్నట్టుంది," అంది. మరోటి. "ఇది పర్లేదు, కానీ ఒక పక్కకే బరువుంది." మా ఆయన పట్టికలో నాలుగో వరసలో ఉన్న ఐదొందల యాభై వాట్లది కూడా చేతికొచ్చింది. దాన్ని ఆయన గోల్డ్ కాదని అప్పటికే కొట్టేశాడు. అత్తయ్య కూడా, "ఊఁ, సుమారు," అని పక్కన పెట్టేసింది. ఆఖరికి ఆరు వందల వాట్లని పెద్ద పెద్ద అంకెలున్న ఒక నల్ల డబ్బా అందుకుంది. చెయ్యి ఒక్క అంగుళం కిందికి దిగింది. ఆవిడ మొహం విచ్చుకుంది.

"ఇదీ సరుకంటే! లోపల నిండా రాగి ఉంది."

"అమ్మా, దాని గురించి ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. నా పట్టికలోనే లేదది," అన్నాడు మా ఆయన.

"పట్టిక చేతిలో పెట్టుకుని చూడు, ఎంత బరువుందో."

ఇద్దరూ నా వైపు చూశారు. సోమవారానికి పదిహేను రోజులే ఉన్నాయి. మా ఆయన్ని నమ్ముకుంటే ఈ వానాకాలం కూడా గొడుగు పాలే అవుతుంది. అంతకు మించి, ఆ డబ్బా పట్టుకున్నప్పుడు అత్తయ్య మొహం చూశాను. "ఇదే తీసుకుందాం," అన్నాను. మా ఆయన దారి పొడుగునా వానలో నాకు రెండడుగుల దూరంలో నడిచాడు. గొడుగు ఆయన చేతిలోనే ఉంది.

బిగించడం రెండు సాయంత్రాలు పట్టింది. నేను స్క్రూలు బిగించాను, మా ఆయన చదివి వినిపించాడు, అత్తయ్య వైర్లు సర్దింది. ఆవిడ సర్దిన వైర్లు చూస్తే జడ అల్లినట్టున్నాయి. బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది. ముగ్గురం చప్పట్లు కొట్టేశాం. మా ఆయన కూడా.

మర్నాడు నమూనా ఇల్లు పెట్టాను. గోడలు లేచాయి, మెట్లు వచ్చాయి. కిటికీలోంచి ఎండ పడమన్నాను. నూటికి ఏడు వంతులు అయిందో లేదో, టప్‌మని మొత్తం ఆరిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఏడు దగ్గరే ఆరిపోయింది. మూడోసారి తొమ్మిది దాకా వెళ్తే పండగ చేసుకోబోయాను. అప్పుడూ ఆరిపోయింది.

"నేను చెప్పానా?" అన్నాడు మా ఆయన. పాపం ఎంత దాచుకుందామన్నా ఆయన గొంతులో సంబరం దాగలేదు. ఆ మూడు రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. పళ్లు తోముకుంటూ కూడా అన్నాడు, నురగతో సహా. నేను మాత్రం అన్ని రకాలుగానూ చూశాను. ప్లగ్గు మార్చాను, గది మార్చాను, ప్రోగ్రాములు తీసి మళ్లీ ఎక్కించాను. అత్తయ్య వచ్చి కంప్యూటర్ పక్కన నేల మీద కూర్చుని, చెవి ఆనించి వింది. ఆరిపోయే ముందు లోపల్నుంచి సన్నగా ఒక కూత వస్తోంది. ఆవిడ లేచి కుర్చీలోకి వెళ్లిపోయింది.

బుధవారం నాడు ఆఫీసు నుంచి కాస్త ముందుగా వచ్చాను. హాల్లో నేల మీద పాత వార్తాపత్రిక పరిచి ఉంది. దాని మీద ఆ నల్ల డబ్బా, మూత విప్పి, నాలుగు స్క్రూలూ వరసగా పేర్చి ఉన్నాయి. పక్కనే హోల్డర్‌కి రెండు తీగలు తగిలించిన బల్బు. ప్లగ్గు తీసేశాక కూడా లోపల కరెంటు నిలవుంటుందని, ముందు దాన్ని బల్బులోకి దింపేసి అప్పుడు చెయ్యి పెట్టిందట. అత్తయ్య మఠం వేసుకుని కూర్చునుంది. ఆవిడ అరచేతిలో బూడిదరంగు దిమ్మ ఒకటుంది.

"ఏంటత్తయ్యా అది?"

"సిమెంటు."

నాకర్థం కాలేదు. వంగి చూశాను. డబ్బా లోపల ఒక మూల చిన్న బోర్డు, దాని మీద రాగితీగ చుట్టిన వేలెడంత కాయిలు. మిగతా చోటంతా ఖాళీ. ఆ ఖాళీలో జిగురు మరక. బరువు కోసం సిమెంటు దిమ్మ పోసి అతికించారన్న మాట.

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే!

నాకు మొదట నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. సోమవారానికి ఐదు రోజులే ఉన్నాయి. అయితే అత్తయ్య మొహం చూశాక రెండూ ఆగిపోయాయి. ఆవిడ కావాలంటే మూత బిగించేసి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చునేదే. నాకెప్పటికీ తెలిసేది కాదు. వాళ్లబ్బాయి "నేను చెప్పానా?"లకి మరో ఏడాది మేత దొరక్కుండా పోయేది.

"చెయ్యి తప్పు చెప్పలేదమ్మాయ్," అంది దిమ్మని అటూ ఇటూ తిప్పుతూ. "బరువుందంది, ఉంది. దేని బరువో నేనే అడగలేదు. మా రోజుల్లో బరువుంటే రాగే. సిమెంటు పోసి అమ్మచ్చని ఎవరికీ తోచలేదు."

నేను ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"రెండేళ్లు కూర్చుంటే చెయ్యి కూడా మొద్దుబారుతుంది," అంది. "హాయిగా కూర్చోమన్నావుగా నువ్వు. హాయిగా కూర్చోవడం ఎంత కష్టమో ఆ కుర్చీనడుగు."

"నేనలా... మీకు విశ్రాంతిగా ఉంటుందనత్తయ్యా. మీరు షెడ్డు వదులుకోలేక వదులుకున్నారని నాకు తెలీదు."

"నువ్వడగలేదు, నేను చెప్పలేదు. సరిపోయింది." దిమ్మని పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. "లే. కొట్టు మూసేలోపు వెళ్దాం. ఆ కాయితం మీద ఏం రాసుంటుందో నువ్వు చదువు. నేను పట్టుకుని చూస్తా. మొన్నటిలా నేనొక్కదాన్నే కాదు."

కొట్టులో జనం బాగానే ఉన్నారు. అత్తయ్య గొంతు పెంచలేదు. సిమెంటు దిమ్మని తెచ్చి కౌంటర్ మీద సున్నితంగా పెట్టింది.

"దీనికెన్ని వాట్లు బాబూ?"

కొట్టాయన దిమ్మనీ, విప్పిన డబ్బానీ మార్చి మార్చి చూశాడు. "నాకు తెలీదమ్మా. నిజంగా తెలీదు. పైనుంచి వచ్చింది వచ్చినట్టు అమ్మాను," అన్నాడు చివరికి. అతని మొహం చూస్తే అబద్ధమనిపించలేదు. అరల్లో అవే ఇంకో ఏడున్నాయి. తనే స్క్రూడ్రైవర్ తెచ్చి ఒకటి విప్పాడు. సిమెంటు. రెండోది విప్పాడు. సిమెంటు. జనం కౌంటర్ చుట్టూ మూగారు.

"నీ బిల్లులు వేసే కంప్యూటర్లో ఏదుంది?" అని అడిగింది అత్తయ్య.

అతను బల్ల కిందికి దూరాడు. స్క్రూలు ఊడుతున్న చప్పుడు, ఆ తరవాత కిందనుంచే ఒక మూలుగు. "అందుకేనా ఇది రోజూ మధ్యాహ్నం పడుకుంటోంది!"

ఆ నవ్వుల్లోనే నేను అసలు పనిలో పడ్డాను. డబ్బా మీద అంటించిన కాయితంలో పెద్ద అంకె కాకుండా చిన్న అక్షరాల్లో గళ్లున్నాయి. ప్రాసెసరుకీ గ్రాఫిక్స్ కార్డుకీ కరెంటు వెళ్లేది పన్నెండు వోల్టులని రాసున్న గీత నుంచే. ఆ గీత దగ్గర మన నల్ల డబ్బాకి పద్దెనిమిది ఆంపియర్లని ఉంది. రెంటినీ గుణిస్తే వాట్లు: పద్దెనిమిది పన్నెండ్లు రెండు వందల పదహారు. ఆరు వందల మాటెలా ఉన్నా, దాన్ని తయారుచేసినవాడు చిన్న అక్షరాల్లో నిజం ఒప్పుకున్నాడు. మనకెంత కావాలో ఖాయం చేసుకుందామని మా ఆయనకి ఫోన్ చేశాను.

"మొత్తం ఎన్ని వాట్లు అన్నావు?"

అవతల నుంచి గుసగుస. ఏమీ వినపడలేదు.

"గట్టిగా చెప్పు!"

"గ్రంథాలయంలో ఉన్నాను," అని గుసగుస.

అత్తయ్య ఫోను లాక్కుంది. "ఒరేయ్, సిమెంటు బయటపడిందిరా. నువ్వే గెలిచావు. అంకె చెప్పు!"

"మూడు వందల డెబ్బై!" అని కొట్టంతా వినపడేలా అరిచాడు. వెంటనే వెనక ఎవరో "ష్‌ష్‌" అన్నారు. పదహారేళ్ల నౌకరీలో మా ఆయన్ని ఎవరైనా నోరు మూసుకోమన్నది అదే మొదటిసారి.

మూడు వందల డెబ్బై కావాలి, కాస్త ఊపిరాడే చోటుండాలి. ఒక్కో పెట్టె కాయితం నేను చదివాను. ఆంపియర్లు సరిపోయినవే అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ పట్టుకుని చూసి, "లోపల చూపించు," అనేది. కొత్తవి విప్పితే గ్యారంటీ పోతుంది కాబట్టి, ఎవరో మార్చుకుని వెళ్లిన పాతవి ఉంటే అవే తీసి చూపించాడు కొట్టాయన. అలా చూస్తూ చూస్తూ చివరికి ఐదొందల యాభై వాట్లది దగ్గర ఆగాం. పన్నెండు వోల్టుల గీతలో నలభై అయిదు ఆంపియర్లు. అయిదు వందల నలభై వాట్లన్న మాట. మా ఆయన బంగారం లేదని కొట్టేసినదీ, అత్తయ్య సుమారుగా ఉందని పక్కన పెట్టినదీ అదే. నేనైతే దాన్ని అసలు చూడనే లేదు.

అత్తయ్య దాని పాత జంటని దీపం కిందికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. కాయిలు ఒక దాని పక్కన ఒకటి ఒద్దిగ్గా ఉన్నాయి. తీగ ఎక్కడా ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కలేదు.

"ఎవరు చుట్టారో గానీ, పనిమంతురాలు," అంది.

కొట్టాయన నల్ల డబ్బా వెనక్కి తీసుకుని ఇది మా చేతిలో పెట్టాడు. మిగతా ఏడూ అమ్మనని ఆవిడకి మాటిచ్చాడు.

శనివారం నాడు ఎండ పడమన్నాను. ఏడు దాటింది. తొమ్మిది దాటింది. ముగ్గురం వరసగా కుర్చీలేసుకుని కూర్చున్నాం. నలభై దగ్గర మా ఆయన లేచి నిలబడ్డాడు. తొంభై దగ్గర అత్తయ్య ఆయన్ని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. బయట జోరున వాన. తెర మీద, ఇంకా ఎవరూ కట్టని ఇంట్లో, కిటికీ లోంచి ఎండ వచ్చి నేల మీద వాలింది.

"నేల మెరుస్తోంది. జారి పడతారు," అంది అత్తయ్య. అది ఆవిడ మెచ్చుకోలు.

సోమవారం నమూనా వెళ్లింది. గురువారం ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారం కొట్టాయన మా ఇంటికొచ్చాడు. చేతిలో గోనెసంచి. అందులో చచ్చిపోయిన పవర్ సప్లైలు తొమ్మిది. కూర్చోమంటే అంచున కూర్చున్నాడు.

"అమ్మగారూ, వీటిల్లో ఏవి బతుకుతాయో చూడగలరేమోనని. ఇంకో మాట. మా కొట్లోకి వచ్చే సరుకు కూడా ఒకసారి మీ చెయ్యి తగిలి వెళ్తే బాగుంటుంది. రోజూ కాసేపు వచ్చి కూర్చుంటే..." అని నసిగాడు. "అంటే, ఊరికే కాదు. జీతానికే."

అత్తయ్య సంచిలోంచి ఒక డబ్బా అప్పటికే బయటికి తీసింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"ఏమంటావమ్మాయ్?"

"నన్నెందుకడుగుతారత్తయ్యా? ఎన్నింటికి రావాలో ఆయన్నడగండి."

"అమ్మా, ఈ వయసులో..." అని మొదలుపెట్టాడు మా ఆయన. నేనొక చూపు చూశాను. ఆయన పట్టిక వైపు తిరిగి, ఫ్రిజ్ మీంచి దాన్ని జాగ్రత్తగా ఊడదీయడంలో మునిగిపోయాడు.

వానలు వెనకబట్టే రోజులకి ఇంట్లో పద్ధతి మారిపోయింది. నేను ఇంట్లో ఉంటున్నాను, ఆవిడ బయటికెళ్తోంది. పదింటికల్లా కళ్లజోడు, స్క్రూడ్రైవరు, బల్బు, అన్నీ సంచిలో సర్దుకుని గడప దాటుతుంది. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కున్న దగ్గర్నుంచీ ఒకటే మాటలు. ఏ కంపెనీ తీగ ఎంత పల్చన, ఎవడు ఏ బోర్డు మీద ఎంత జిగురు పోశాడు, కొట్టాయనకి టంకం పట్టుకోవడం ఇంకా ఎందుకు రాదు! నేను పని చేసుకుంటూ వింటాను. మధ్యలో పోట్లాడుకుంటాం కూడా. ఆవిడ నా డ్రాయరు లోంచి చెప్పకుండా కత్తెర తీసుకెళ్తుంది, నేనూరుకోను.

ఒకరోజు చీకటి పడుతున్నా రాలేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూస్తున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది.

"ఏంటత్తయ్యా, ఎక్కడున్నారు?"

వెనక జనం, అట్టపెట్టెలు చింపుతున్న చప్పుడు.

"కొత్త సరుకొచ్చిందమ్మాయ్, లారీ నిండా. ఒక్కోటీ చూడాలి. నాకు ఆలస్యమవుతుంది, నా కోసం కాచుక్కూర్చోకుండా మీరిద్దరూ తినేయండి," అని, నేను సరేననే లోపే పెట్టేసింది.